పండుగ పూట పని ఆపితే కూలి మాటేమిటి?

ప్రశ్న: నెల్లూరు జిల్లా తీరంలో ఒక రొయ్యల కంపెనీలో కాంట్రాక్టరు కింద మూడేళ్ళుగా గ్రేడింగ్ పని చేస్తున్నాను. రోజు కూలి లెక్క, నెలకోసారి బ్యాంకులో వేస్తారు. సంక్రాంతికి ముందు సూపర్‌వైజరు “భోగి నుంచి వారం రోజులు సెలవు, బస్సు రాదు” అని వాట్సాప్‌లో పెట్టాడు. మేం సెలవు అడగలేదు. ఆ వారానికి ఒక్క రూపాయి పడలేదు. అడిగితే “కాంట్రాక్టు వాళ్ళకి పని లేకపోతే కూలి లేదు” అంటున్నారు. ఇది న్యాయమేనా?
– ఒక పాఠకురాలు

జవాబు: అమ్మా, బలవంతంగా పని ఆగిపోవడం మన తీరానికి కొత్త కాదు. ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు సముద్రంలో వేట నిషేధం. ఆ రోజులకు అర్హులైన మత్స్యకార కుటుంబాలకు ప్రభుత్వం భృతి ఇస్తోంది. ఒకప్పుడు 10 వేలు, 2025 నుంచి 20 వేల రూపాయలు. ఆదేశం ఇచ్చి పని ఆపినప్పుడు ఆ ఇంటి పొయ్యి సంగతి కూడా చూడాలన్నది అక్కడి సూత్రం. మీలాంటి కాంట్రాక్టు కార్మికులకు అలాంటి ఒకే పథకం లేదు. ఉన్న హక్కులు నాలుగైదు చట్టాల్లో తలో చోట ఉన్నాయి. అందుకే “కూలి లేదు” అన్న ఒక్క మాటతో మిమ్మల్ని పంపేస్తున్నారు.

ముందు ఉన్నమాట చెబుతాను. రోజు కూలి మీద పనిచేసేవారికి కంపెనీ మూసిన ప్రతి రోజుకీ కూలి ఇవ్వాలని ఏ చట్టంలోనూ లేదు. అలాగని వారం మొత్తానికి సున్నా వేయడమూ కుదరదు. ఆ ఏడు రోజుల్లో ఏ రోజు ఏ లెక్కలోకి వస్తుందో విడగొట్టి చూడాలి.

పండుగ సెలవులు: మన రాష్ట్రంలో 1974 నాటి ఫ్యాక్టరీలు, సంస్థల (జాతీయ, పండుగ, ఇతర సెలవుల) చట్టం ఉంది. జనవరి 26, మే 1, ఆగస్టు 15, అక్టోబరు 2తో పాటు కొన్ని పండుగలకు జీతంతో కూడిన సెలవు ఇవ్వాలని అది చెబుతుంది. ఆ రోజు పని చేయించుకుంటే రెట్టింపు కూలైనా ఇవ్వాలి, లేదా ఆ రోజు కూలి ఇచ్చి, బదులుగా జీతంతో మరో రోజు సెలవైనా ఇవ్వాలి. ఏయే పండుగలన్న జాబితా మీ కంపెనీలో ఉండాలి, చూపించమని అడగండి. అందులో సంక్రాంతి ఉంటే ఆ రోజు కూలి మీకు రావాలి. కాంట్రాక్టరు ద్వారా చేరినా మీరు ఆ ఫ్యాక్టరీ కార్మికురాలే.

సంపాదించుకున్న సెలవు: 2025 నవంబరు 21 నుంచి నాలుగు కార్మిక కోడ్‌లు అమల్లోకి వచ్చాయి. వాటిలో వృత్తి భద్రత కోడ్ ప్రకారం ఏడాదిలో 180 రోజులు పనిచేసిన కార్మికులకు ప్రతి 20 రోజుల పనికి ఒక రోజు చొప్పున జీతంతో కూడిన సెలవు వస్తుంది. పాత ఫ్యాక్టరీల చట్టంలో దీనికి 240 రోజులు నిండాల్సి వచ్చేది. మూడేళ్ళుగా చేస్తున్నారు కాబట్టి మీ ఖాతాలో కొన్ని సెలవులు ఉండే అవకాశం ఎక్కువ. మూసిన రోజుల్లో కొన్నింటిని వాటి కింద సర్దమని కోరవచ్చు.

లే-ఆఫ్: “పండుగ సెలవు” అని చెప్పినా అసలు కారణం ఏమిటో కనుక్కోండి. ముడిసరుకు రాకపోయినా, నిల్వలు పేరుకున్నా, కరెంటు లేకపోయినా, మిషను చెడినా, తుపాను వచ్చినా పని ఇవ్వలేకపోతే దాన్ని చట్టం లే-ఆఫ్ అంటుంది. 2023 డిసెంబరులో మిచాంగ్ తుపానుకు మన తీరం ఎలా తడిసి ముద్దయిందో మీకు తెలుసు. 2025 ఆగస్టులో అమెరికా మన సరుకు మీద సుంకాన్ని 50 శాతం చేశాక రొయ్యల ఎగుమతులకు తగిలిన దెబ్బా తెలుసు. కనీసం 50 మంది పనిచేసే ఫ్యాక్టరీలో ఏడాది సర్వీసు, అంటే గడిచిన పన్నెండు నెలల్లో 240 రోజుల పని ఉన్నవారికి లే-ఆఫ్ రోజుల్లో మూల వేతనం, కరువు భత్యం కలిపి అందులో సగం ఇవ్వాలి. అయితే క్యాజువల్ కార్మికులకు, ఒకరి బదులు పనిచేసే ‘బద్లీ’ కార్మికులకు ఇది వర్తించదు. సీజనల్ ఫ్యాక్టరీలకూ వర్తించదు. యాజమాన్యం ఈ వాదనలన్నీ తెస్తుంది. పండుగ కోసమే మూశారని తేలితే లే-ఆఫ్ కింద అడగడం కష్టం.

ఇక్కడ చాలామందికి తెలియని సంగతి ఒకటుంది. వేళకు పనికి హాజరైన మనిషికి రెండు గంటల్లోగా పని చూపించకపోతే ఆ రోజు లే-ఆఫ్ అయినట్టే లెక్క. రోజుకొకసారైనా హాజరు కాకపోతే ఆ పరిహారం పోయే ప్రమాదం ఉంది. బస్సే రానప్పుడు ఎలా హాజరవుతారు? ఇకపై అలాంటి వాట్సాప్ మెసేజి వస్తే అక్కడికక్కడే “నేను పనికి సిద్ధంగా ఉన్నాను, ఈ సెలవు ఏ కారణంతో ఇస్తున్నారో చెప్పండి” అని జవాబు పెట్టండి. రెండు మెసేజిలూ స్క్రీన్‌షాట్ తీసి దాచుకోండి.

సగం రోజు పని: రొయ్యల షెడ్లలో ఇది మామూలే. పొద్దున్నే పిలిపిస్తారు, పదకొండింటికి సరుకు అయిపోయిందని ఇంటికి పొమ్మంటారు, సగం కూలి రాస్తారు. కనీస వేతనం రోజు లెక్కన ఉన్నచోట, పని తక్కువైంది మీ అయిష్టం వల్ల కాకపోతే, వేతన కోడ్ ప్రకారం పూర్తి రోజు కూలి ఇవ్వాలి.

నెల జీతం మీద ఉన్నవారికి మరో మాట. గైర్హాజరుకు జీతం కోయవచ్చని చట్టం అంటుంది. గేటుకు తాళం వేసింది కంపెనీ అయినప్పుడు అది కార్మికుల గైర్హాజరు ఎలా అవుతుంది? నియామక పత్రంలో నెల జీతమని ఉంటే ఈ వాదన గట్టిగా నిలబడుతుంది.

ఈఎస్ఐ ఉన్నవాళ్ళు ఇంకొకటి గమనించాలి. ఏప్రిల్–సెప్టెంబరు, అక్టోబరు–మార్చి అని రెండు చందా కాలాలు ఉంటాయి. ఒక్కో కాలంలో కనీసం 78 రోజుల చందా పడితేనే జబ్బు చేసినప్పుడు నగదు భృతి వస్తుంది. కూలి లేని రోజులు ఎక్కువైతే ఆ లెక్కకూ గండి పడుతుంది.

ఎవరిని అడగాలి? కాంట్రాక్టరు కంపెనీ వైపు, కంపెనీ కాంట్రాక్టరు వైపు వేలు చూపించడం మామూలే. రావలసిన కూలి కాంట్రాక్టరు ఇవ్వకపోతే ఆ సంస్థ యజమాని ఇవ్వాలని వేతన కోడ్‌లో స్పష్టంగా ఉంది. కాబట్టి ఒకే అర్జీ రాసి ఇద్దరికీ ఇవ్వండి. ఏయే తేదీల్లో పని లేదు, ఎవరు చెప్పారు, ఎంత రావాలి అన్న మూడూ రాసి, అందినట్టు సంతకం తీసుకోండి. హాజరు చీటీలు, బ్యాంకు పాసు పుస్తకం, గేటు పాసు జాగ్రత్త చేయండి.

పదిహేను రోజులు చూసి నెల్లూరులోని కార్మిక శాఖ కార్యాలయానికి వెళ్ళండి. కూలి బాకీకి మూడేళ్ళలోపు దరఖాస్తు చేసుకోవచ్చు. ఎంతమంది కార్మికులైనా కలిసి ఒకే దరఖాస్తు పెట్టవచ్చు, రిజిస్టరైన యూనియన్ కూడా మీ తరఫున పెట్టవచ్చు. “మళ్ళీ పనికి పిలవరేమో” అన్న భయానికి ఇదే మంచి మందు. ఒక్కరిని తప్పించినంత తేలిగ్గా యాభై మందిని తప్పించలేరు. బాకీ తీర్చామని రుజువు చేయాల్సిన బాధ్యత యజమానిదే. బాకీ నిజమని తేలితే దానితో పాటు పది రెట్ల దాకా పరిహారం వేసే అధికారం ఆ దరఖాస్తు విచారించే అధికారికి ఉంది. శ్రీహరికోట అంతరిక్ష కేంద్రం (షార్) వంటి కేంద్ర సంస్థల్లో కాంట్రాక్టు పని చేసేవారు మాత్రం కేంద్ర కార్మిక శాఖ అధికారుల దగ్గరకు వెళ్ళాలి.

వకీలుకు డబ్బెక్కడిదని ఆగిపోకండి. 1987 నాటి న్యాయ సేవల చట్టం ప్రకారం మహిళలకు, పారిశ్రామిక కార్మికులకు ఆదాయంతో నిమిత్తం లేకుండా ఉచిత న్యాయ సహాయం దొరుకుతుంది. జిల్లా న్యాయ సేవాధికార సంస్థకు వెళ్ళవచ్చు, 15100 నంబరుకు ఫోన్ చేయవచ్చు.

ఈసారికి పోయిన కూలి రాబట్టడం ఒక పని. వచ్చే పండుగకు ఇలా జరగకుండా చూసుకోవడం అంతకంటే ముఖ్యం. డిసెంబరులోనే మీ షిఫ్టు వాళ్ళంతా కలిసి, సెలవుల జాబితా, మూసే రోజులు, వాటికి ఇచ్చే కూలి ముందుగా కాగితం మీద పెట్టమని కాంట్రాక్టరును అడగండి. ఇంటి ఖర్చు ముందే లెక్క వేసుకోవాలంటే చేతికి ఎంత వస్తుందో ముందే తెలియాలి. ఆపాటి మాట అడిగే హక్కు మీకుంది. గొంతు తగ్గించుకోకుండా అడగండి.