అనని మాట

సాయంకాలమున ఆటలో మునిగియున్న కుమారునితో తల్లి "దీపములు పెట్టు వేళయైనది" అనును. బాలుడు వెంటనే ఇల్లు చేరును. ఆమె రమ్మని అనలేదు. అయినను వాడు గ్రహించెను. మాటకు నేరుగా తోచు అర్థము వాచ్యార్థము. దాని వెనుక స్ఫురించునది వ్యంగ్యార్థము. కాశ్మీర దేశపు ఆలంకారికుడైన ఆనందవర్ధనుడు 9వ శతాబ్దమున 'ధ్వన్యాలోక'మను గ్రంథమును రచించి, ఇట్టి స్ఫురణకు ధ్వనియని పేరిడి, అదియే కావ్యమునకు ఆత్మయని నిరూపించెను. ఈ ధ్వని కావ్యములందే కాక రాజకీయ వాదములందును కానవచ్చును. అందులకొక నిదర్శనము చూతము.

1984వ సంవత్సరమున అమెరికా అధ్యక్షపదవికి ఎన్నిక జరిగెను. నాటి అధ్యక్షుడు రోనాల్డ్ రీగన్ వయస్సు 73 ఏండ్లు. ప్రత్యర్థియగు వాల్టర్ మాండేల్ వయస్సు 56 ఏండ్లు. అక్టోబరు 7వ తేదీనాటి మొదటి వాదమున రీగన్ తడబడగా, ముదిమియే కారణమేమో యని పలువురు శంకించిరి. 21వ తేదీన కాన్సస్ నగరమున రెండవ వాదము జరిగెను. క్యూబా సంక్షోభకాలమున అధ్యక్షుడు కెనడీ దినముల తరబడి సరిగా నిద్రలేక పనిచేసెననియు, అట్టి ఆపదలో తాము పనిచేయగలమా యను సందేహము రీగన్‌కు కలదా యనియు ఒక విలేకరి అడిగెను. రీగన్ తనకు సందేహమేమియు లేదని చెప్పి, వయస్సును వివాదాంశము చేయబోననియు, తన ప్రత్యర్థి యౌవనమును, అనుభవలేమిని రాజకీయ లాభమునకై వాడుకొననియు పలికెను. సభ గొల్లుమనెను, మాండేల్ సైతము నవ్వెను.

ఈ మాటకు వాచ్యార్థము ఔదార్యము. కాని "అననని" చెప్పుటలోనే రీగన్ ఆ మాట అనివేసెను. మాండేల్ 12 ఏండ్లు సెనేటు సభ్యుడుగను, 4 ఏండ్లు ఉపాధ్యక్షుడుగను పనిచేసినవాడు. అనుభవము లేనివాడు కాడు. కావున వాచ్యార్థము పొసగదు. "మీరు ముదిమి యనుచున్నది నా అనుభవమే" యను భావము ధ్వనించినది. ఆ భావమును రీగన్ నోట పలుకలేదు గనుక దానికి ఋజువు చూపుమని అడుగుటకు వీలు లేకపోయెను. విలేకరి ప్రశ్నకు లభించినది "సందేహము లేదు" అను ముక్క మాత్రమే. తక్కినది నవ్వులో కలిసిపోయెను.

ధ్వని దోషము కాదు. తల్లి మాటలో అది వాత్సల్యము, కావ్యమున అందము. ప్రజల మేలుకీడులను నిర్ణయించు వాదములందు మాత్రము శ్రోత జాగరూకుడై యుండవలెను. వక్త ఏమనెను? అనక ఏమి స్ఫురింపజేసెను? అడిగిన దానికి సమాధానము వచ్చెనా? ఈ మూడును విచారించుకొనుడు. చమత్కారమునకు నవ్వవచ్చును, నవ్విన పిదప ప్రశ్నను మరువరాదు.