జొన్నబెండుతో కథాబొమ్మలు

జొన్నకోతలు ముగిసి కంకులు కళ్లమునకు చేరిన పిమ్మట చొప్ప పశువుల మేతకు పోవును. ఆ చొప్పలోనుండి లావైన దంట్లు పది తీసి నీడను ఆరబెట్టి యుంచుకొన్నచో, సంక్రాంతినాటి బొమ్మల కొలువునకు ఒక కథ యంతయు మన యింటనే సిద్ధము కాగలదు. దీనికి కొనవలసిన సరకు దాదాపుగా లేదు. కావలసినవి కొంత తీరిక, కొంత చేతినేర్పు, కథ తెలిసిన యొక పెద్దదిక్కు.

ఈ పాఠమునకు మేము బాలనాగమ్మ కథను గైకొంటిమి. బుర్రకథగా ఊరూర విన్న కథయే యిది. 1942లో చలనచిత్రముగను వచ్చెను. మాయల ఫకీరు బాలనాగమ్మను కుక్కగా మార్చి కొనిపోయెను. వాని ప్రాణము ఏడు సముద్రముల కావల నొక చిలుకలో నుండెను. ఆమె కుమారుడు బాలవర్ధిరాజు ఆ చిలుకను పట్టి, ఫకీరును గెలిచి, తల్లిని విడిపించెను. ఈ కథకు ప్రాణము చిలుకయే గనుక చిలుకను చేయు విధము తెలుపుచున్నాము. కుక్కను, చెట్టును ఈ రీతినే చేసికొనవచ్చును.

మొదట జిగురు. చింతపిక్కలను దోరగా వేయించి, నీట నానబెట్టి, పైతొక్క తీసి, మెత్తగా రుబ్బి, నీరు చేర్చి చిక్కబడువరకు ఉడికింపవలెను. కొండపల్లి పనివారు తెల్లపొణికి కర్రబొమ్మల అంగములను అతుకుటకు ఈ జిగురులోనే రంపపుపొట్టు కలిపి వాడుదురు. ఇది నిలువయుండదు, ఏనాటికానాడు కాచుకొనవలెను. పురుగు పట్టకుండుటకు కొందఱు మైలుతుత్తము కలుపుదురు. అది విషము, పిల్లల బొమ్మలకు కూడదు.

పిమ్మట దేహము. దంటును కణుపుల నడుమ కోసి పైబెరడు ఒలువవలెను. బెరడు అంచు కత్తివలె చేతిని కోయును గనుక ఈ పని పెద్దలే చేయుట మేలు. తెల్లని బెండు మూడంగుళములది దేహమునకు, ఒక అంగుళముది తలకు చాలును. వానిని వాడికత్తితో గుండ్రముగ చెక్కి, సన్నని బెరడు పుల్లను మేకువలె గ్రుచ్చి, కీలున జిగురు పూసి కలుపవలెను. బెండు మెత్తన, బలముగ నొక్కినచో చితుకును. లేత తాటియాకును చీల్చి రెక్కలును తోకయు కత్తిరించి, దేహమున చిన్న గాటు పెట్టి దూర్చవలెను.

ఒకదినము ఆరిన పిదప రంగు వేయవలెను. ముందు పసుపునీరు పూసి, ఆరనిచ్చి, దానిపై చిక్కుడాకు పసరు పూసినచో చిలుకవన్నె వచ్చును. పసుపులో కొంచెము సున్నము కలిపిన ఎఱుపు ముక్కునకు సరిపోవును; సున్నము కంటబడినచో హాని గనుక పెద్దలే కలుపవలెను. ఈ రంగులు ఎండకు వెలయును. మరుసటి యేడు మరల పూసికొనవచ్చును.

ఇక కన్నులు. ఇచట మిక్కిలి జాగ్రత్త వలయును. మేమును తొలుత కంచెమీది గురివింద గింజలనే చిలుకకు కన్నులుగా పెట్టితిమి. చూడ ముచ్చటగ నుండెను. తరువాత వాని గుణము తెలిసి, ఊడదీసి పాతిపెట్టితిమి. గురివింద గింజలో కొద్దిపాటికే ప్రాణము తీయు విషము గలదు. పూర్వము పశువులను చంపు దుర్మార్గులు ఈ గింజనే నూరి, సూదులుగా చేసి గ్రుచ్చెడివారు. గట్టి పెంకు చెడనంతవరకు విషము లోపలనే యుండును. దారమునకై తొలిచినను, బిడ్డ నమిలినను బయటపడును. అట్లు జరిగినచో, బిడ్డ కులాసాగా నున్నట్లు తోచినను, తక్షణము ఆసుపత్రికి కొనిపోవలెను. లక్షణములు కొన్ని గంటలకు గాని, ఒక్కొకప్పుడు దినములు గడచిన గాని కనబడవు. కావున చిలుకకన్నులకు దీపపుమసి చుక్క పెట్టుడు, అది చాలును. ఏ గింజయైనను పసిపిల్లల గొంతున అడ్డుపడు ప్రమాదము గలదని మఱవవలదు.

సిద్ధమైన చిలుకకు దారము కట్టి గుమ్మమున వ్రేలాడదీయవచ్చును, కొలువున నిలుపవచ్చును. పండుగ పిదప ఎండిన వేపాకుతో కూడ పొడికుండలో దాచినచో పురుగుబాధ తగ్గును.

సభ్యులారా! ఒకరి చేని దంటు, వేఱొకరి గట్టుమీది తాటియాకు, ఇంకొకరి యింటి చింతపిక్కలు కలిసి యీ బొమ్మ యగును. నాలుగిండ్లవారు ఒక అరుగుమీద చేరి చేసికొన్నచో పని సులువగును, పిల్లలకు సందడియు నగును. అమ్మకపు మాట తరువాత చూచుకొందము. ముందు మన యిండ్లకు చేసికొందము. ఇంటి ముసలవ్వను నడుమ కూర్చుండబెట్టి, బెండు చెక్కుచున్నంతసేపు కథ చెప్పింపుడు. కథ వినని బిడ్డకు ఆ చిలుక యొక బెండుముక్కయే. విన్నబిడ్డ దానిని ఏడాది పొడవున భద్రముగ దాచుకొనును.