పాత బండికి ముందు ఇరుసు బిగించేదెట్లా?



ఇరుసు అంటే మనందరికీ తెలుసు. ఎద్దులబండికి రెండు చక్రాలను కలిపే కడ్డీ. చక్రం జారిపోకుండా ఇరుసు చివర శీల ఉంటుంది. రాపిడి తగ్గడానికి కందెన పూస్తారు. ఆదోని పత్తి మార్కెట్టుకు, ఎమ్మిగనూరు సంతకు ఎన్నో తరాలు సరుకు మోసింది ఈ ఇరుసే. మరి పాత కార్లకు, జీపులకు ముందు వైపు ఉండేది కూడా ఇలాంటి నిటారు ఇరుసే అని మీకు తెలుసా? దాన్ని ఇంటి దగ్గర బిగించాలంటే ఏమేం చూడాలో ఈ పాఠంలో తెలుసుకుందాం.

ఇరుసు తిరగదు, చివరలు తిరుగుతాయి

ఎద్దులబండికి రెండే చక్రాలు. ఎద్దులు పక్కకు నడిస్తే ఇరుసుతో సహా బండి మొత్తం తిరుగుతుంది. నాలుగు చక్రాలుంటే అట్లా కుదరదు. మంత్రాలయంలో ఆరాధనోత్సవాలప్పుడు, ఎమ్మిగనూరు నీలకంఠేశ్వరస్వామి జాతరలో రథాలు లాగడం చూసే ఉంటారు. రథం ఇరుసులు కదలవు. అందుకే పెద్ద రథాలను మలుపు తిప్పేటప్పుడు చక్రాల కింద చెక్క దిమ్మెలు పెడుతూ తిప్పుతారు. కారుకు అట్లా చేయలేం గదా!

దీనికి ఉపాయం ఏమంటే, ఇరుసును కదలకుండా ఉంచి దాని రెండు చివరలనే తలుపు బందుల మాదిరి తిరిగేటట్లు చేయడం. ఆ బందు చీలను కింగ్ పిన్ను అంటారు. దాని చుట్టూ తిరిగే ముక్క స్టబ్ యాక్సిల్. చక్రం దీనికే ఉంటుంది. రెండు వైపులనూ కలిపే కడ్డీ టై రాడ్డు. ట్రాక్టరు ముందు వైపు వంగి చూడండి, ఇవన్నీ బయటికే కనబడతాయి.

మలుపులో రెండు చక్రాలూ ఒకే కోణంలో తిరగకూడదు. లెక్క చేద్దాం. ముందు చక్రాలకూ వెనుక చక్రాలకూ దూరం 8 అడుగులు, రెండు కింగ్ పిన్నుల మధ్య 4 అడుగులు అనుకోండి. మలుపు కేంద్రం లోపలి పిన్ను వైపు నుంచి 12 అడుగుల దూరంలో ఉంటే లోపలి చక్రం సుమారు 34 డిగ్రీలు తిరగాలి. బయటి చక్రానికి 27 డిగ్రీలు చాలు. ఈ తేడా రాకుంటే టైరు రోడ్డు మీద ఈడ్చుకుపోయి అరుగుతుంది. జర్మనీకి చెందిన లాంకెన్స్‌పెర్గర్ గుర్రపు బండ్ల కోసం కనిపెట్టిన ఈ పద్ధతికి 1818లో లండన్‌లో ఆకర్మాన్ పేటెంటు తీసుకున్నాడు. అందుకే ఆకర్మాన్ పేరే నిలిచింది.

1908 నుంచి 1927 వరకు తయారైన ఫోర్డు మోడల్ టీ కారుకు ముందు నిటారు ఇరుసే ఉండేది. రెండో ప్రపంచ యుద్ధం నాటి విల్లీస్ జీపుకూ నిటారు ఇరుసే. కాకపోతే దాని లోపలి నుంచి చక్రాలకు ఇంజను శక్తి కూడా పోతుంది. నిటారు ఇరుసు గట్టిది, బాగుచేయడం సులభం. లోపం ఏమంటే ఒక చక్రం గుంతలో పడితే ఇరుసంతా వాలి రెండో చక్రం కూడా ఒరుగుతుంది.

బిగించే క్రమం

ఇది పెద్దలు, పని తెలిసిన మెకానిక్కు దగ్గరుండి చేయించాల్సిన పని.

1. నేల సమంగా ఉండాలి. వెనుక చక్రాలకు ముందూ వెనుకా అడ్డం పెట్టాలి. జాకీతో లేపాక ఛాసీ కింద ఇనుప స్టాండ్లు పెట్టాలి. జాకీని నమ్మి బండి కిందికి దూరకూడదు. ఇటుకలు అసలే వద్దు, బరువుకు పగిలిపోతాయి.

2. బ్రేకు గొట్టాలు, స్టీరింగు కడ్డీలు విప్పి, యూ బోల్టులు తీసి పాత ఇరుసు దించాలి.

3. పెట్టబోయే ఇరుసు వంగిందా, మెలిపడిందా అని దారం పట్టి చూడాలి. వంగితే కాల్చి సరిచేయకూడదు. కాలిస్తే ఉక్కు బలం తగ్గుతుంది. కింగ్ పిన్ను బుష్షులు అరిగి ఉంటే మార్చాలి.

4. ఇరుసును కమాను పట్టాలకు ఆనించాలి. పట్టాల మధ్య బోల్టు తల ఇరుసు మీది రంధ్రంలో సరిగ్గా కూర్చోవాలి. కొత్త యూ బోల్టులు వేసి, నాలుగు నట్లనూ ఎదురెదురుగా కొంచెం కొంచెంగా బిగించాలి.

5. ముందు చక్రం నడిమి నుంచి వెనుక చక్రం నడిమికి రెండు పక్కలా కొలవండి. తర్వాత మూల నుంచి మూలకు కొలవండి. దీర్ఘచతురస్రంలో కర్ణాలు సమానం అని చదువుకున్నాం గదా! బండి వెడల్పు ముందూ వెనుకా వేరుగా ఉన్నా సరే, రెండు కర్ణాలూ సమానంగానే రావాలి. రాకుంటే ఇరుసు వంకరగా కూర్చుందని అర్థం.

6. స్టీరింగు కడ్డీల నట్లకు స్ప్లిట్ పిన్నులు తప్పక వేయాలి. ఎద్దులబండికి శీల ఎట్లాగో దీనికి ఇది అట్లాగ. నట్టు ఊడితే స్టీరింగు చేతిలోనే ఉంటుంది, చక్రం మాట వినదు.

7. స్టీరింగును రెండు వైపులా చివరిదాకా తిప్పి చూడాలి. బ్రేకు గొట్టం సాగకూడదు, టైరు ఎక్కడా తగలకూడదు. బ్రేకుల్లోని గాలి తీసేయాలి. కొద్ది దూరం నడిపాక యూ బోల్టులు మళ్లీ బిగించాలి.

మూడు కొలతలు

ఇరుసు ఎంత గట్టిగా బిగించినా ఈ మూడూ తప్పితే బండి సరిగా నడవదు.

క్యాస్టర్: పక్క నుంచి చూస్తే కింగ్ పిన్ను పైభాగం కొంచెం వెనక్కి వాలి ఉండాలి. సామాన్యంగా 3 నుంచి 6 డిగ్రీలు. ఆ బండి పుస్తకంలో ఉన్న అంకే ప్రమాణం. ఇది ఉంటేనే మలుపు తర్వాత చక్రం తనంతట తాను నేరుగా వస్తుంది. తక్కువైతే బండి అటూ ఇటూ పోతుంది. కొలవడానికి మన జామెట్రీ బాక్సు చాలు. పిన్ను తల మీద స్కేలును ముందుకు పొడుచుకొచ్చేటట్లు పెట్టి, దానికి కోణమానిని అంచు ఆనించి, వంపు కిందికి ఉంచి, నడిమి నుంచి దారానికి చిన్న బరువు కట్టి వదలండి. దారం 90కి ఎన్ని డిగ్రీలు పక్కన నిలిచిందో అదే క్యాస్టర్. చాలకపోతే పట్టాకూ ఇరుసుకూ మధ్య వాలు బిళ్ల వేస్తారు. పట్టా ఇరుసు పైన ఉంటే బిళ్ల మందం వైపు వెనక్కి, కింద ఉంటే ముందుకు రావాలి.

క్యాంబర్: ముందు నుంచి చూస్తే చక్రాల పైభాగాలు కొద్దిగా బయటికి వాలి ఉండటం. ఇది ఇరుసు తయారీలోనే ఉంటుంది. తేడా వస్తే ఇరుసు వంగినట్టు.

టో-ఇన్: రెండు ముందు టైర్ల మధ్య దూరం వెనుక వైపు కంటే ముందు వైపు కొంచెం తక్కువ ఉండాలి. చాలా పాత బండ్లకు ఇది సుమారు 3 మిల్లీమీటర్లు. టైర్ల వెనుక వైపు, ఇరుసు ఎత్తులో సుద్దతో గుర్తులు పెట్టి కొలవండి. బండిని ముందుకు తోసి అవే గుర్తులు ముందుకు వచ్చాక మళ్లీ కొలవండి. తేడాను టై రాడ్డు తిప్పి సరిచేస్తారు.

చేసి చూద్దాం

సైకిలును పక్క నుంచి చూడండి. హ్యాండిల్ గొట్టం వెనక్కి వాలి ఉంటుంది. ఆ గొట్టం గీతను నేల దాకా పొడిగిస్తే, టైరు నేలకు తగిలే చోటు కంటే ముందు పడుతుంది. ఇప్పుడు హ్యాండిల్ వదిలి సీటు పట్టుకొని సైకిలును ముందుకు తోయండి, నేరుగా పోతుంది. వెనక్కి తోయండి, హ్యాండిల్ పక్కకు తిరిగిపోతుంది. క్యాస్టర్ పని ఇదే.

గుర్తుంచుకోండి

అసలు కంపెనీ ఇచ్చిన ఇరుసు బదులు వేరే రకం పెట్టాలంటే 1988 మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను ప్రకారం రవాణా శాఖ అనుమతి కావాలి. ఇదేదో వేధించడానికి కాదు. మన తండాల నుంచి సంతకు, ఆస్పత్రికి పోయే జీపులో పదిమంది కూర్చుంటారు. వాళ్ల ప్రాణాలన్నీ ఒక స్ప్లిట్ పిన్ను మీద, రెండు మూడు డిగ్రీల మీద ఆధారపడి ఉంటాయి. మెకానిక్కు పనికి చదువెందుకు అనే వాళ్లకు ఈ కోణమానినిని చూపించండి.

ఆలోచించండి

1. ఒక కర్ణం 118 అంగుళాలు, ఇంకొకటి 117 అంగుళాలు వస్తే ఇరుసు ఎట్లా కూర్చుంది?
2. మలుపులో లోపలి చక్రం ఎందుకు ఎక్కువ తిరగాలి? బొమ్మ గీసి చూపండి.
3. ట్రాక్టరు ముందు ఇరుసు నడిమిలో ఒకే పిన్ను మీద ఊగుతుంది. ఎగుడుదిగుడు చేలో దీనివల్ల లాభమేమి?

జవాబులు రాసి సైన్సు మాస్టారుకు చూపించండి.