మల్బరీ తోటలో నేలకూ మేత వేయాలి



పురుగులకు వేళకు ఆకు వేయకపోతే ఏమవుతుందో మీకు చెప్పనక్కరలేదు. ఆ ఆకునిచ్చే నేలలో కూడా మేత కోసం ఎదురుచూసే జీవులున్నాయి. అవే బాక్టీరియా, శిలీంధ్రాల వంటి సూక్ష్మజీవులు. కంటికి కనిపించకపోయినా, పిడికెడు మంచి మట్టిలో ఇవి కోట్లలో ఉంటాయి. పశువుల ఎరువు, కంపోస్టు, పచ్చిరొట్ట వీటి ఆహారం. ఎరువు తోలడం మానేసి, ఏటా యూరియా మాత్రమే చల్లే తోటలో ఇవి క్రమంగా తగ్గిపోతాయి.

సూక్ష్మజీవులు చేసే మేలు

1. ఎరువును కుళ్ళబెట్టి, అందులోని నత్రజని, భాస్వరాలను వేర్లు తీసుకోగలిగేలా మారుస్తాయి. మీరు చల్లే యూరియా మొక్కకు అందాలన్నా వీటి పని ఉండాలి.

2. ఇవి వదిలే జిగురు మట్టి రేణువులను కలిపి ఉంచుతుంది. నేల గుల్లబారి తేమను నిలుపుకుంటుంది. బోరుబావుల్లో నీరు అడుగంటుతున్న మన ప్రాంతానికి ఇది పెద్ద లాభం.

3. మైకోరైజా అనే శిలీంధ్రం మల్బరీ వేర్లతో కలిసి బతుకుతూ, వేరు చేరలేని చోటు నుంచి భాస్వరం తెచ్చిస్తుంది.

4. ట్రైకోడెర్మా వంటివి వేరుకుళ్ళు కలిగించే శిలీంధ్రాలను అణచి ఉంచుతాయి.

బెంగళూరు మళ్ళు చెప్పే పాఠం

బెంగళూరు వ్యవసాయ విశ్వవిద్యాలయం వారి జి.కె.వి.కె. క్షేత్రంలో 1986లో ఒక దీర్ఘకాల ఎరువుల ప్రయోగం మొదలైంది. అక్కడ రాగి, మొక్కజొన్న పైర్లు వేస్తారు. నేల మాత్రం మనలో చాలామంది తోటల వంటి ఎర్ర నేలే. ఏళ్ళ తరబడి నత్రజని ఒక్కటే వేసిన మళ్ళలో నేల పులుపెక్కి దిగుబడి పడిపోయింది. నత్రజని, భాస్వరం, పొటాష్‌లతో పాటు పశువుల ఎరువు కూడా వేసిన మళ్ళలో దిగుబడి నిలకడగా ఉంది. సూక్ష్మజీవులు కూడా అక్కడే ఎక్కువగా కనిపించాయి. రసాయన ఎరువు వద్దని దీని అర్థం కాదు. అది ఒక్కటే చాలదని అర్థం.

మీరు చేయవలసినవి

1. నీటి వసతి ఉన్న తోటకు ఎకరాకు ఏటా 8 టన్నుల బాగా చివికిన పశువుల ఎరువును రెండు దఫాలుగా, కొమ్మలు కత్తిరించిన తర్వాత వేయండి. కుప్పలుగా ఎండలో వదలక, వెంటనే మట్టిలో కలియదున్నండి. మన ఎండలకు నేలలోని సేంద్రియ పదార్థం త్వరగా కరిగిపోతుంది. కాబట్టి ఒక ఏడు వేసి ఊరుకుంటే చాలదు.

2. పచ్చి ఎరువు వేయకండి. దాన్ని కుళ్ళబెట్టడానికి సూక్ష్మజీవులు నేలలోని నత్రజనినే వాడుకుంటాయి. ఆకు పసుపుబారుతుంది. చెదలు, వేరుపురుగులు కూడా చేరతాయి.

3. ఎరువు కొనలేనివారు వరుసల మధ్య జనుము గాని జీలుగ గాని చల్లి, పూతకు రాగానే కలియదున్నండి.

4. అజటోబాక్టర్ వంటి జీవన ఎరువులను పశువుల ఎరువులో కలిపి, తేమ ఉన్న నేలలో వేయండి. రసాయన ఎరువుకూ దీనికీ రెండు వారాలైనా ఎడం ఉండాలి. సేంద్రియ ఎరువు లేని నేలలో జీవన ఎరువు వేయడం, పొయ్యి వెలిగించని ఇంటికి చుట్టాలను పిలిచినట్లే.

లద్దె విషయంలో జాగ్రత్త

పురుగుల లద్దె, తిని మిగిలిన ఆకు, పుల్లలు మంచి ఎరువు. కానీ పెంపకపు గది నుంచి ఊడ్చి నేరుగా తోటలో పోయకండి. గ్రాసరీ, సున్నపుకట్టు రోగాల క్రిములు, ఊజీ ఈగ పురుగులు అందులో ఉండవచ్చు. అవి తోట నుంచి ఆకుతో తిరిగి మీ తట్టల్లోకే వస్తాయి. ఒక పంట కాపాడి, మరుసటి పంట పోగొట్టుకున్నట్లవుతుంది.

గదికి దూరంగా, నీడలో రెండు గుంతలు తీయండి. లద్దె ఒక పొర, పేడనీళ్ళు, పలుచగా మట్టి, ఈ వరుసలో నింపి, పైన మందంగా మట్టితో కప్పండి. తేమ ఆరనివ్వకండి. లోపల పుట్టే వేడి చాలా క్రిములను చంపుతుంది. మూడు నాలుగు నెలలకు నల్లగా, పొడిపొడిగా, మట్టివాసన వేస్తే ఎరువు సిద్ధమైనట్లే. రోగంతో చచ్చిన పురుగులను మాత్రం ఈ గుంతలో వేయవద్దు. వాటిని సున్నం, బ్లీచింగ్ పొడి కలిపి దూరంగా లోతుగా పాతిపెట్టండి.

మీ నేలను మీరే పరీక్షించుకోండి

పాత నూలుపంచె ముక్కలు రెండు తీసుకోండి. ఒకటి ఏటా ఎరువు తోలే మడిలో, మరొకటి తోలని మడిలో జానెడు లోతున పాతి, గుర్తుపెట్టండి. రెండు చోట్లా తేమ ఒకేలా ఉండాలి. రెండు నెలలకు తవ్వి తీయండి. గుడ్డ చివికి చిల్లులు పడితే ఆ నేలలో జీవం ఉంది. పెట్టినట్లే ఉంటే ఆ నేల ఆకలితో ఉంది.

ఐదో దశలో పురుగులు తినే ఆకే పంట మొత్తానికి పట్టే ఆకులో అత్యధిక భాగం. ఆ రోజుల్లో ఆకు పల్చబడితే గూడు తేలికవుతుంది, మార్కెట్లో ధర తగ్గుతుంది. కాబట్టి రాబోయే కత్తిరింపు నాటికే ఎరువు సిద్ధం చేసుకోండి. మట్టి పరీక్షకూ, జీవన ఎరువుల మోతాదుకూ మీ సమీపంలోని పట్టు పరిశ్రమ సాంకేతిక సేవా కేంద్రాన్ని సంప్రదించండి.