మృతులకొఱకు బాప్తిస్మము

మరణించినవారి మేలుకొఱకు జీవించియున్నవారు కర్మ నాచరించుట మనకు క్రొత్త గాదు. తర్పణోదకము విడుచునపుడు కర్త తన పితృపితామహులనే గాక మాతామహవర్గమును, గురువులను, మిత్రులను గూడ స్మరించును. అమెరికాదేశమున మోర్మనులని లోకము పిలుచు క్రైస్తవసంఘమువారు ఇట్టి యొక యాచారమును నూటయెనుబది యేండ్లకు పైగా పాటించుచున్నారు. కడవరి దినముల పరిశుద్ధుల యేసుక్రీస్తు సంఘమని వారు తమకు పెట్టుకొనిన పేరు. వారి యాచారము బయటికి తర్పణమును బోలినను దాని మూలము వేఱు.

క్రైస్తవులలో పెక్కుమంది విశ్వాసము ననుసరించి, బాప్తిస్మమను జలస్నానము పొందనివానికి భగవద్రాజ్యప్రవేశము లేదు. అట్లైనచో క్రీస్తునామము చెవిని పడకయే గతించిన అసంఖ్యాకజనుల గతి యేమి? వినకపోవుట వారి యపరాధమా? నియమమును సడలించినచో దానికి విలువ లేదు. సడలింపకున్నచో ఈశ్వరుని దయకు తావు లేదు.

సంఘస్థాపకుడైన జోసెఫ్ స్మిత్‌కు (1805-1844) ఈ ప్రశ్న గ్రంథపఠనమునుండి గాక గృహమునుండియే వచ్చినది. అతని పెద్దయన్న ఆల్విన్ న్యూయార్కు రాష్ట్రమున కుటుంబభారమును మోసిన యువకుడు. తల్లిదండ్రులకొఱకు ఇల్లు కట్టుచుండగా కడుపునొప్పి పుట్టి, వైద్యుడిచ్చిన పాదరసపు మందు వికటించి, 1823 నవంబరు 19వ తేదీన, ఇరువదియైదేండ్ల ప్రాయమున మరణించెను. అతడు బాప్తిస్మము పొందియుండలేదు. ఆల్విన్ నరకమునకే పోయెనను భావము స్ఫురించునట్లు ఆనాటి యుపదేశకుడు ప్రసంగించెననియు, ఆ మాట తండ్రికి నచ్చలేదనియు మఱియొక తమ్ముడు తన వృద్ధాప్యమున చెప్పియున్నాడు. పుత్రశోకములో నున్నవానికి అంతకంటె క్రూరమైన మాట యేముండును?

1836 జనవరిలో, ఒహాయో రాష్ట్రమునందలి కర్ట్‌లాండున, తనకు కలిగిన దర్శనమునందు ఆల్విన్ దివ్యలోకమున నుండెనని జోసెఫ్ చెప్పెను. బాప్తిస్మము లేనివాడు అచట నెట్లున్నాడని తాను విస్మయపడగా, అవకాశము లభించియున్నచో హృదయపూర్వకముగా స్వీకరించియుండెడివారు ఆ లోకమునకు అర్హులే యని సమాధానము వచ్చినదట. దీనితో దయకు తావు దొరికినది. నియమము మాట మిగిలియే యున్నది.

ఆ మిగిలిన భాగము 1840 ఆగస్టు 15న ఇల్లినాయి రాష్ట్రమునందలి నావూ పట్టణమున తీరినది. ఒక యనుచరుని యుత్తరక్రియల సందర్భమున జోసెఫ్ ప్రసంగించుచు, కొరింథీయులకు వ్రాసిన మొదటి లేఖ పదునైదవ యధ్యాయమున పౌలు మృతులకొఱకైన బాప్తిస్మమును ప్రస్తావించుటను ఎత్తి చూపెను. పౌలు మాటల యర్థమును గూర్చి పండితులు నేటికిని వాదులాడుచునే యున్నారు. జోసెఫ్ మాత్రము దానిని ఆజ్ఞగా గ్రహించెను. బాప్తిస్మము లేక మరణించిన కుమారుడు గల జేన్ నేమన్ అను స్త్రీ, తరువాతి నెలలో మిసిసిపీ నదిలో దిగి, కుమారునికి బదులుగా తాను మునిగినది. ఆల్విన్‌కు బదులుగా తమ్ముడు హైరం మునిగెను. పురుషునికి పురుషుడే, స్త్రీకి స్త్రీయే ప్రతినిధిగా నుండవలెనను నియమము పిదప వచ్చినది. 1841లో నదీస్నానమును మాన్పించి, కట్టుచున్న దేవాలయపు దిగువభాగమున పండ్రెండు ఎద్దుల బొమ్మలపై నిలిపిన కొయ్యతొట్టిలో కర్మను కొనసాగించిరి. ఆ పండ్రెండెద్దులు ఇశ్రాయేలు గోత్రములకు గుర్తులు.

నేడును కర్మ యంతయు దేవాలయమునందే జరుగును. తెల్లనివస్త్రములు ధరించిన ప్రతినిధిని, మృతుని పేరు చెప్పి, సంపూర్ణముగా నీట ముంచెదరు. ఇచట ఒక విషయమును గుర్తింపవలెను. ఈ స్నానముచేత మృతుడు క్రైస్తవుడైనాడని వారు చెప్పరు. దేహము లేనివాడు నీట మునుగజాలడు గనుక ఆ పని యొక్కటి జీవించియున్నవాడు చేయును. స్వీకరించుటయో నిరాకరించుటయో పరలోకమునందున్న జీవుని యిష్టము. మన శ్రాద్ధకర్మలో ఇట్టి స్వీకారనిరాకరణముల ప్రశ్నయే పుట్టదు. పుత్రుని పిండము పితరునికి చెందును.

పేరు లేక కర్మ లేదు. అందుచేత పేళ్ల యన్వేషణ వారికి సాధనయే యైనది. 1894లో వంశావళిసంఘమును స్థాపించిరి. 1938నుండి ప్రపంచమునందలి జననమరణపత్రములను సూక్ష్మచిత్రములుగా తీయసాగిరి. హరిద్వారమున పండాలు తరతరములుగా వ్రాసియుంచిన యాత్రికుల వహీలను గూడ వారు చిత్రించిరి. సాల్ట్ లేక్ నగరసమీపమున గ్రానైటుకొండను తొలిచి కట్టిన భాండారమున ఈ చిత్రముల మూలప్రతులు భద్రపఱుపబడియున్నవి. ఆ మతముతో సంబంధము లేనివారును తమ తాతల పేళ్లను ఈ సేకరణలయందు వెదకుకొనుచున్నారు.

చిక్కు వచ్చినదియు పేళ్లవలననే. యూదుడైన కారణముచేతనే చంపబడినవాని పేర క్రైస్తవకర్మ జరుపుట అతని బంధువులకు రెండవ మరణమువలె తోచెను. నాజీల చేతిలో హతులైన యూదుల పేళ్లు జాబితాలలో కనబడగా, రక్తసంబంధము లేనివారు అట్టి పేళ్లను పంపరాదని 1995లో సంఘము యూదుల సంస్థలతో ఒడంబడిక చేసికొనెను. అయినను 2012లో ఆన్ ఫ్రాంక్ పేరట కర్మ జరిగినట్లు వెల్లడియైనది. గాంధీమహాత్ముని పేరునకు గూడ 1996లో బాప్తిస్మము జరిగినదని అదే సంవత్సరమున పత్రికలు ప్రకటించినవి. మృతుడు నిరాకరింపవచ్చునను సిద్ధాంతము మృతుని స్వేచ్ఛను కాపాడవచ్చును. బ్రతికియున్న బంధువుల హృదయమునకు అది యుత్తరము గాదు. కర్మ చేయు అధికార మెవ్వనిదను ప్రశ్న మన ధర్మశాస్త్రములలో వలెనే అచటను తప్పలేదు. సభ్యులు తమ పూర్వికుల పేళ్లనే పంపవలెనని సంఘము శాసించినది. కడచిన 110 సంవత్సరములలో జన్మించినవాని విషయమున సమీపబంధువు అనుమతి యుండవలెను.