ఐదున్నర బస్సు అక్క

ఏం చెల్లీ, ఈ పొద్దూ కిటికీ సీటు పోయిందా? రా, ఇట్లా ఇరుక్కుని కూచో. చందాపుర దాటితే జనం పల్చబడతారు.

పోయిన వారం నువ్వడిగిన మాటే తలలో తిరుగుతా ఉంది. మూడేండ్లయింది, నా పనికి వంక పెట్టినవాళ్ళు లేరు, ప్రమోషన్ మాత్రం పక్క సీటు అబ్బాయికి పోయింది, ఎందుకక్కా అంటివి. మనం ఐదున్నర బస్సు మనుషులం కాబట్టి. నవ్వకు. మనం బ్యాగు సర్దుకుని వచ్చేసినాక మిగతావాళ్ళు టీ కొట్టు దగ్గర నిలబడతారు. కొత్త మాడ్యూలు ఎవరికియ్యాల, పాత సర్వీసును ఎట్లా విడగొట్టాల అనేది సగం అక్కడే తేలిపోతుంది. 2025 ఆగస్టులో పసుపు మెట్రో బొమ్మసంద్ర దాకా వచ్చింది, సంతోషమే. దాని అవతల హోసూరు దాకా మనకు మళ్ళీ ఈ బస్సే గతి. కృష్ణగిరి నుంచి వచ్చే పిల్లకైతే హోసూరు దాటి ఇంకో 50 కిలోమీటర్లు. ఆ పిల్లకు మొదటి రెండేండ్లు ఆఫీసు దగ్గర పీజీ హాస్టలే మేలంటాను, వాళ్ళమ్మ నన్ను తిట్టుకున్నా సరే.

నాకిది తెలిసొచ్చేదానికి ఐదేండ్లు పట్టింది. ఒక కంపెనీలో, పేరెందుకులే, ఒకే ఆర్డరుకు రెండుసార్లు డబ్బు పోతా ఉండె. మూడు రాత్రులు సర్వరు లాగ్‌లు చదివి కనుక్కుంటి. జవాబు ఆలస్యమైతే మా ప్రోగ్రాం అదే రిక్వెస్టును మళ్ళీ పంపుతా ఉంది, అవతలి సర్వరు దాన్ని కొత్తదనుకుంటా ఉంది. ప్రతి ఆర్డరుకూ ఒక గుర్తు నంబరు తగిలించి, అదే నంబరు మళ్ళీ వస్తే డబ్బు తీయకుండా పాత జవాబే ఇచ్చేట్టు చేస్తిని. పీడ వదిలింది. సాయంత్రం ఆరింటి మీటింగులో పెద్దవాళ్ళకు దాన్ని వివరించింది ఇంకొకాయన. ఆయన దొంగేం కాదు. అడిగినప్పుడు ఆయన అక్కడ ఉన్నాడు, నేను జూజువాడి చెక్‌పోస్టు దగ్గర ఉండా!

ఆ రాత్రి ఇంట్లో మా అమ్మ గులాబీ లెక్క రాస్తా ఉంది. కట్టకు 20 పూలు, ఎన్ని కట్టలు కోసినారు, ఏ మడికి బూజు తగిలింది, ఏ మందు కొట్టినారు. వ్యాపారి ఎంత గొంతు పెంచినా ఆ నోటుబుక్కు తెరిస్తే చాలు, సర్దుకుంటాడు. మరుసటి దినమే నేనూ ఒకటి మొదలుపెట్టినా.

నువ్వూ రాయి. శుక్రవారం శుక్రవారం పది నిమిషాలు చాలు. ‘బగ్ సరిచేసినా’ అని రాస్తే పాలవాడి గీతకూ దానికీ తేడా ఉండదు. ఎవరికి ఏం ఇబ్బంది ఉండె, ఏయే దారులు చూస్తివి, దేన్ని ఎందుకు వద్దంటివి, సరిచేసినాక ఏ అంకె మారింది, ఇవి రాయి. వద్దన్న దారిని అస్సలు మరవద్దు. కోడ్ అందరూ రాస్తారు. సీనియరు అని ఎవర్ని పిలవాలో పెద్దవాళ్ళు తేల్చుకునేది ఆ ఒక్క పేరా చూసే. పెద్ద పనైతే కోడ్ మొదలుపెట్టకముందే ఒక పేజీ రాసి పొద్దున్నే టీముకు పంపు. సాయంత్రం టీ కొట్టు దగ్గర నువ్వు లేకపోయినా నీ పేజీ మీదే మాట్లాడుకుంటారు.

ఇంగ్లీషంటే బెదురా? ఇంట్లో తెలుగు, బస్సులో కన్నడ, బడిలో 2006 చట్టం తప్పనిసరి చేసిన తమిళం. ఆ ఏడు ఒకటో తరగతిలో చేరి 2016లో పది రాసినదానివి నువ్వు. ఇన్ని మోసినదానికి ఇంకొకటి బరువా? పొట్టి వాక్యాలు రాయి, చాలు.

ఏఐ అంటావా, కోడ్ రాసి పెడుతుంది, వాడుకో. నీకర్థం కానిది మాత్రం నీ పేరుతో పంపొద్దు. రాత్రి రెండింటికి అది కూలితే ఫోను మోగేది నీ దిండు కింద.

అదిగో, చంద్రచూడేశ్వరుని కొండ దీపాలు. లే, దిగుదాం. పోయిన నెల ఆ రిపోర్టు పేజీ ఇంతసేపు తెరుచుకోవడమేందని నువ్వే కదా సరిచేస్తివి? ముందు ఎన్ని సెకండ్లు పడతా ఉండె? గుర్తు లేదా? రేపు పాత లాగ్‌లు తవ్వి ఆ అంకె పట్టుకురా. కిటికీ సీటు నేను పట్టి పెడతా.