కడప సీమ క్రైస్తవ సంఘములు – సిద్ధాంతమా? సరిహద్దా?

ఒక ఊరి చరిత్ర వ్రాయబూనిన విద్యార్థి సాధారణముగా కోటను, గుడిని, మసీదును చూచి వచ్చును. పల్లె చివరనున్న చర్చిని చూడక తిరిగి వచ్చును. మన జిల్లాలో ఆ చర్చిల వెనుక రెండు శతాబ్దముల చరిత్ర కలదు.

ఇచట ఒక ప్రశ్న ఉదయించును. ఒకే సీమలో నివసించి, ఒకే భాష మాట్లాడుచు, అధికముగా ఒకే కులమునుండి వచ్చిన క్రైస్తవులు వేరువేరు సంఘములుగా ఏల ఏర్పడిరి? సిద్ధాంత భేదమే కారణమని తోచును. పరిశీలించినచో మిషనుల సరిహద్దులే ముఖ్యకారణమని తెలియును.

ముందుగా కొన్ని పదములు గ్రహింపవలెను. బిషప్పు పాలనలో నుండునది ఎపిస్కోపల్ సంఘము. ఆంగ్లికన్ సంఘము ఇట్టిది. ప్రతి స్థానిక సంఘము తన వ్యవహారములను తానే నడుపుకొనునది కాంగ్రిగేషనల్ పద్ధతి. 18వ శతాబ్దమున ఇంగ్లండులో జాన్ వెస్లీ నడిపిన ఉద్యమమునుండి పుట్టినది మెథడిస్టు సంఘము. అమెరికాలో దాని శాఖ బిషప్పులను ఉంచుకొని మెథడిస్టు ఎపిస్కోపల్ సంఘమైనది.

రెండు మిషనులు

1822లో లండన్ మిషను కడపలో పని ప్రారంభించినది. ఇది ప్రధానముగా కాంగ్రిగేషనల్ సంప్రదాయమునకు చెందినది. అచట ఇరువది సంవత్సరములు పనిచేసిన విలియం హోవెల్ 1842లో ఆంగ్లికన్ సంస్థయగు ఎస్.పి.జి. మిషనులో చేరెను. ఆ మార్పుతో ఈ సీమలో రెండవ శాఖ మొలకెత్తినది. కాలక్రమమున కడప, జమ్మలమడుగు లండన్ మిషను కేంద్రములైనవి. నేడు నంద్యాల జిల్లాలోనున్న ముత్యాలపాడు, మన జిల్లాలోని కలసపాడు ఎస్.పి.జి. కేంద్రములైనవి.

ఈ సంఘములలో చేరినవారు అధికసంఖ్యాకులు మాల కుటుంబములవారు. ఒక్కొక్కరుగా గాక, పెద్దలు కూర్చుండి నిర్ణయించిన పిమ్మట కుటుంబములు కలిసి చేరుట ఎక్కువ. 1876–78 నాటి మహాక్షామము తరువాత ఈ చేరిక హెచ్చినది. బిషప్పు ఉండవలెనా, వద్దా యని వారు తర్కించి చేరలేదు. అక్షరము నేర్పు ఉపదేశి ఏ మిషనువాడో, ఆ మిషను పేరే ఆ పల్లెకు వచ్చినది.

ఐక్యత – ఎడబాటు

1908లో కాంగ్రిగేషనల్, ప్రెస్బిటీరియన్ సంఘములు కలిసి దక్షిణ భారత ఐక్య సంఘమైనవి. 1947 సెప్టెంబరు 27న ఆ సంఘమును, దక్షిణాదిలోని ఆంగ్లికన్లును, బ్రిటిష్ మూలముగల మెథడిస్టులును మద్రాసులో ఏకమై దక్షిణ ఇండియా సంఘముగా ఏర్పడిరి. కడప, జమ్మలమడుగు సంఘములు అందు చేరినవి. నంద్యాల ప్రాంత ఆంగ్లికన్లలో అనేకులు చేరక నిలిచిరి. 1963లో వారికి ప్రత్యేక నంద్యాల డయోసీస్ ఏర్పడినది. అది 1975లో ఐక్య సంఘమున కలిసినది. అనగా ఇరుగుపొరుగు తాలూకాలవారు, బంధుత్వములు కలవారు, 28 ఏండ్లు వేరు సంఘములవారుగా నుండిరి!

తెలంగాణమునను ఇట్టిదే చూడవచ్చును. 1924లో ప్రతిష్ఠింపబడిన మెదకు చర్చి వెస్లియన్ మెథడిస్టులది. 1947లో వారు ఐక్య సంఘమున చేరిరి. హైదరాబాదు ప్రాంతమున అమెరికా మూలముగల మెథడిస్టులు చేరలేదు. వారి సంఘము 1981లో స్వతంత్ర భారత మెథడిస్టు సంఘమైనది. పేరు ఒక్కటే, దారులు రెండు.

మన కర్తవ్యము

లండన్ మిషను దస్తావేజులు నేడు లండను నగరమున భద్రముగా నున్నవి. వానిలో దొరల పేర్లు విశేషముగా కానవచ్చును. పల్లెలో మొదట బాప్తిస్మము కోరిన కూలివాని పేరు, చర్చికి స్థలమిచ్చినవాని పేరు, ఉపదేశి పేరు వెదుకవలసినది స్థానిక బాప్తిస్మ, వివాహ, సమాధి రిజిస్టరులలోను, వృద్ధుల నోటను. మన ఖాజీల నికా దఫ్తరములవలెనే అవియు చెదలకు, వానకు లోకువ. ఒక తరము అశ్రద్ధ చేసిన చాలును, ఆ పేర్లు మరల దొరకవు.

చక్రాయపేట, పులివెందుల, జమ్మలమడుగు, ప్రొద్దుటూరు ప్రాంతముల విద్యార్థులారా! సెలవులలో మీ ఊరి చర్చికి వెళ్ళి, గురువుగారి అనుమతితో ఆ రిజిస్టరులు చూడుడు. కట్టడము ఏ సంవత్సరముది, స్థలమెవరిది, తొలి ఉపదేశి ఎవరు, ఏ మిషను ఏ సంవత్సరమున వచ్చినది – ఈ నాలుగు ప్రశ్నలకు సమాధానములు వ్రాసికొనుడు. మసీదునను, గుడిలోను ఇదేవిధముగా అడుగుడు. పొరుగువాని చరిత్ర తెలియనివానికి తన ఊరి చరిత్ర సగమే తెలియును.